మధ్యలో నా పేరు

ఉపేంద్ర పబ్బు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. నేరుగా మూల బల్ల దగ్గరికి నడిచి, తన భార్య ఎదురుగా కూర్చున్న జర్మన్ మనిషి కాలరు పట్టుకుని కుర్చీలోంచి లేవదీశాడు.

“ఎన్నాళ్ళ నించి సాగుతోందిరా ఇది?” అని తెలుగులోనే అరిచాడు. అవతలివాడికి తెలుగు రాదన్న సంగతి అంత కోపంలో ఎవరికి గుర్తుంటుంది?

“ఉపేంద్రా, వదులు! ఏం చేస్తున్నావ్ నువ్వు?” వైశాలి గభాల్న లేచింది.

ఆ జర్మన్ పేరు యోర్గ్. ఆరడుగుల పైమాటే కానీ, ల్యాబుల్లో పెరిగిన ఒళ్ళు, దెబ్బలాటలు ఎరగదు. రెండు చేతులూ పైకెత్తి, “మీరే కదా ఉపేంద్ర? రండి, కూర్చోండి” అని నవ్వుతూ ఇంగ్లీషులో అన్నాడు.

ఆ నవ్వే కొంప ముంచింది. ఉపేంద్ర పిడికిలి అతని ముక్కు మీద పడింది. యోర్గ్ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. బీరు గ్లాసులు నేల మీద భళ్ళుమన్నాయి. తెల్ల చొక్కా నెత్తురుతో తడిసిపోయింది.

“నా పేరు ఎత్తుతావా? గంటలు గంటలు ఫోన్లో జర్మన్‌లో ముచ్చట్లు, మధ్యలో ఉపేంద్ర, ఉపేంద్ర అని నా పేరు! తర్వాత నవ్వులు! ఏందిరా, మీ ఇద్దరికీ ఆటబొమ్మనా నేను?”

వైశాలి డ్రెస్డెన్‌లో డాక్టరేట్ చేసి, మెల్‌బోర్న్‌లో పరిశోధన చేస్తోంది. అలా జర్మనీ నుంచి వచ్చి ఇక్కడ పనిచేసే పరిశోధకులు గురువారం గురువారం ఈ బల్ల దగ్గర కలుస్తారు. ఎవరి కాంట్రాక్టు అయిపోవస్తోంది, ఎక్కడ ఖాళీలున్నాయి, ఎవరితో మాట్లాడితే పనవుతుంది, ఇవే వాళ్ళ కబుర్లు. యోర్గ్ ఆ గుంపుకి పెద్ద దిక్కు. ఇదంతా ఆమె దాచలేదు, మొదట్లోనే చెప్పింది. కానీ సివిల్ ఇంజనీరింగ్ చదివి ఊరి శివారు కేరమ్ డౌన్స్‌లో ఓ గోడౌన్‌లో సామాన్లెత్తే ఫోర్క్‌లిఫ్ట్ తోలుతున్న ఉపేంద్ర బుర్రకెక్కింది ఒక్కటే. ఆమె కాంట్రాక్టు అయిపోతోంది, వీడు ఆమెని జర్మనీ ఎగరేసుకుపోతాడు, తను ఇక్కడ ఒంటరిగా మిగులుతాడు. ఇవాళ మిగతావాళ్ళు ఇంకా రాలేదు. బల్ల దగ్గర ఉన్నది వీళ్ళిద్దరే. అనుమానప్పక్షికి ఇంకేం కావాలి?

లేవబోతున్న యోర్గ్‌ని డొక్కలో తన్నాడు. మళ్ళీ తన్నాడు. బార్ కౌంటర్‌లో కుర్రాడు “ఓయ్! మేట్!” అంటూ పరిగెత్తుకొచ్చి నడుము పట్టుకుంటే, మోచేత్తో పొడిచి విదిలించుకున్నాడు. పక్కనున్న కుర్చీ పైకెత్తాడు.

వైశాలి అడ్డంగా వచ్చి నిలబడింది. “ఫస్ట్ నేను చెప్పేది విను. ప్లీజ్. అతనేం చేశాడో తెలుసా నీకు?”

“నువ్వు చెప్పేదేంది నాకు?”

కుర్చీ వదిలేసి చెంప మీద కొట్టాడు. కోపంతో కళ్ళు మూసుకుపోయి కొట్టిన దెబ్బ కాదు, చూసి కొట్టిన దెబ్బ. కళ్ళజోడు ఎగిరి గాజుపెంకుల్లో పడింది. ఆమె పెదవి చిట్లింది. పబ్బులో అందరూ లేచి నిలబడ్డారు.

“నడువ్ ఇంటికి. ఇవాళ్టితో నీ యూనివర్సిటీ, నీ జర్మనీ అన్నీ కట్!”

కౌంటర్ కుర్రాడు ఫోన్ తీశాడు. “పోలీసుల్ని పిలుస్తున్నా.”

“వద్దు!” యోర్గ్ నేల మీద నుంచే అరిచాడు. “ఇతని మీద కేసుంటే వీసా రాదు.”

ఉపేంద్ర ఆగిపోయాడు. “ఎవరికి వీసా?”

యోర్గ్ బల్ల పట్టుకుని లేచి, ముక్కుకి రుమాలు అదుముకున్నాడు. ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పాడు.

“మీకే. జర్మనీలో యూనివర్సిటీలు ఎవరినైనా పిలిస్తే, వాళ్ళ జీవిత భాగస్వామికి కూడా ఉద్యోగం వెతికి పెడతాయి. మా పద్ధతి అది. వైశాలిని ఎప్పుడో ఎంపిక చేశారు. మీకు మీ చదువుకి తగ్గ పని దొరికితేనే వస్తానని ఈమె షరతు పెట్టింది. అప్పటి నుంచీ ఫోన్లలో మేం మాట్లాడుకున్నదంతా మీ గురించే. వంతెనలు పరీక్షించే సంస్థలో మీకు ఇవాళే ఉద్యోగం ఖాయమైంది. మీకు ఫోన్ చేయబోతున్నాం, ఈలోగా మీరే వచ్చారు.”

“మరి... నాకెందుకు చెప్పలేదు?”

“ఇక్కడ ఒక్కో ఉద్యోగం చేతిదాకా వచ్చి పోయినప్పుడు మీరు అన్నం మానేసి పడుకున్నారట. ఖాయం కాకుండా చెప్పొద్దని బతిమాలింది.”

ఉపేంద్ర గాజుపెంకుల మధ్యే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోవాల్సిన ఆ నిమిషంలో కూడా, పాడు మనసు, వంతెనల్ని తలుచుకుని ఒక్కసారి పొంగింది.

“వైశూ, తెలీక చేశానే! నన్నూ కొట్టు, చెప్పు తీసుకుని కొట్టు. నీ కాళ్ళు పట్టుకుంటా.”

ఆమె వంగి కళ్ళజోడు తీసుకుని, వంగిన కాడ సరిచేసుకుని పెట్టుకుంది. పెదవి మీద నెత్తురు చేత్తో తుడుచుకుంది. యోర్గ్ ఆమెని జాలిగా చూశాడు. పాపం, పెద్దమనిషి. అన్ని తన్నులు తిని కూడా సర్దిచెప్పాలనే చూశాడు.

“నా ముక్కుకేం, మానిపోతుంది. యూనివర్సిటీ వాళ్ళు జవాబు కోసం చూస్తున్నారు వైశాలీ. ఏమని చెప్పను?”

“యెస్! యెస్ అని చెప్పండి సార్, ఇద్దరం వస్తాం!” ఉపేంద్ర మోకాళ్ళ మీదే ముందుకు జరిగి భార్య చెయ్యి పట్టుకున్నాడు.

వైశాలి ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుని యోర్గ్ వైపు తిరిగింది.

“నా షరతు తీసేశానని చెప్పు. నేనొక్కదాన్నే వస్తున్నా.”