దూలానికి ఉల్లికట్టలు

హైమవతి స్టూలెక్కి, పెరట్లో పండిన ఉల్లిపాయల కట్టలను వంటింటి దూలానికి వేలాడదీస్తోంది. ఇంతలో పెరటి తలుపు తోసుకుని పక్కింటి అనసూయ లోపలికి వచ్చేసింది. చంకలో మామిడికాయలు మోసే వెదురుబుట్ట.

హైమవతి చేతిలోని కట్ట చేతిలోనే ఉండిపోయింది.

మొన్న ఈ అనసూయే, ఆడపడుచు వాళ్ళు వచ్చారు, నాలుగు ఉల్లిపాయలుంటే ఇమ్మని అడిగింది. నూజివీడు బజారులో ఉల్లి ధర మండిపోతోంది. ఒకరికిస్తే వీధంతా వస్తుందని హైమవతి భయపడింది.

"ఏం చెప్పమంటారు వదినగారూ! తడి ఆరకుండా ఎత్తిపెట్టాను. అన్నీ కుళ్ళిపోయాయి" అనేసింది.

ఇప్పుడు అనసూయ తలెత్తి దూలం వైపు చూసింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా కట్టలే.

చంకలోని బుట్ట కింద పెట్టింది.

"మా తమ్ముడు చాట్రాయి నుంచి వచ్చాడండీ. మీ పంటంతా పోయిందన్నారుగా, మీకూ తెమ్మని కబురు చేశాను."

బుట్ట నిండా ఎర్రటి ఉల్లిపాయలు.

"వదినగారూ, అదీ..."

"జాగ్రత్త, స్టూలు ఊగుతోంది." అనసూయ వచ్చి స్టూలు కాళ్ళు గట్టిగా పట్టుకుంది. "ఆ కట్ట కూడా కట్టేయండి. నేను తెచ్చినవి ఇంకా పచ్చిగా ఉన్నాయి, ముందు ఇవి వాడుకోండి. మీవి బాగా ఆరాయి, నిలవుంటాయి."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండుననిపించింది హైమవతికి.

ముడి వేయడం ఎప్పుడో అయిపోయింది. అయినా ఆమె చేతులు దించలేదు. కిందికి దిగితే అనసూయ మొహం చూడాలి.