ఊదితే వచ్చే వాసన

హైమవతి ఉద్యోగమంతా పిల్లలకు రాళ్ల సంగతులు చెప్పడంతోనే గడిచింది. ఒకప్పుడు వాళ్లను బస్సెక్కించి ఎర్రమల కొండలకు తీసుకెళ్లేది. ఇప్పుడు బయట గాలి మంచిది కాదని బడి కిటికీలే తెరవరు. కళ్లజోళ్లు తగిలించుకుంటే చాలు, కొండే తరగతి గదిలోకి వచ్చి నిలబడుతుంది.

ఆవేళ పాఠం చెబుతూ, కళ్లజోట్లో కనిపించే రాయిని అలవాటుకొద్దీ నోటి దగ్గరికి తెచ్చుకుని 'హా' అని ఊదింది. పిల్లలు గొల్లుమన్నారు.

"రాయి కాలుతోందా మేడమ్?" అంది ముందు బెంచీలోని తన్మయి.

"కాదే పిల్లా! బురద గట్టిపడి రాయైతే, ఊపిరి తగలగానే తొలకరి వాసనేస్తుంది. మేం అలాగే పోల్చుకునేవాళ్లం."

కళ్లజోడు తీసేసి, హ్యాండ్‌బ్యాగులోంచి ఆ కొండమీది అసలు రాయినే తీసి తన్మయి చేతిలో పెట్టింది. ఆ పిల్ల ఊదింది, వాసన చూసింది, కళ్లు మూసుకుని మళ్లీ చూసింది.

"అయితే మేడమ్, వాన పడితే అచ్చం ఈ రాయిలాగే వాసనొస్తుందా?"

హైమవతి కిటికీ వైపు చూసింది. అద్దం అవతల మబ్బు కమ్ముకొస్తోంది. లేచి వెళ్లి, కిటికీ గడియ కోసం తడుముకోసాగింది.