నాలుగో మంచం దగ్గర మాటలు

“వదినగారూ, నిద్రపోయారా?”

అప్పుడే కునుకు పట్టిన ముసలామె ఉలిక్కిపడి కళ్లు తెరిచింది.

పక్కన స్టూలు మీద కూర్చున్న ఆమె కొడుక్కి ఒళ్లు మండింది. ఊళ్లో దర్జీ అతను.

పొద్దున అమ్మ బట్టలారేసి వస్తూ మేడమెట్ల మీంచి జారిపడింది. తలకు నాలుగు కుట్లు. “స్కానింగులో ప్రస్తుతానికి ఏం లేదు. సాయంత్రం దాకా కనిపెట్టి చూద్దాం” అన్నాడు డాక్టరు. కంటినిండా నిద్రపోతే అమ్మ తేరుకుంటుందని దర్జీ ఆశ.

ఈవిడ నిద్రపోనిస్తేగా! ఎవరి తాలూకో ఏమో, నీలం చీర కట్టుకుని అరగంటకోసారి ఊడిపడుతోంది.

“పిల్లలెంతమంది వదినగారూ?”

“ముగ్గురు.”

“ఎవరెక్కువ సతాయించారు?”

“ఇదిగో, వీడే. ఊరందరి కొలతలూ తీస్తాడు, అమ్మ మాట మాత్రం చెవినపెట్టడు.”

ఆడవాళ్లిద్దరూ నవ్వుకున్నారు. దర్జీ నవ్వలేదు. మూడోసారి ఆవిడ రాగానే లేచి నిలబడ్డాడు.

“మీకు ఇంట్లో పనేం లేదా అమ్మా?”

“ఉంది బాబూ.”

“అయితే వెళ్లి చేసుకోండి. మా అమ్మను పడుకోనివ్వండి.”

“పడుకోవచ్చు బాబూ. మధ్యమధ్య లేపి రెండు మాటలు...”

“మీ మాటలకే ఆవిడ తల పగిలేలా ఉంది!”

ఆవిడ వెళ్లిపోయింది. తల్లి గాఢంగా నిద్రపోయింది. ‘హమ్మయ్య’ అనుకున్నాడు దర్జీ.

అరగంట తిరక్కుండానే గుమ్మంలో మళ్లీ నీలం చీర.

“ఒక్క మాట బాబూ. ఒక్కటే.”

అతను అడ్డం వెళ్లేలోపే వంగి భుజం తట్టింది.

“వదినగారూ, పిల్లలెంతమంది?”

చాలాసేపటికి ముసలామె పెదవులు కదిలాయి.

“పిల్లలా... మా నాన్న బజారుకెళ్లాడు.”

“నిద్రమత్తు” అన్నాడు దర్జీ.

“కాదు బాబూ!” ఆవిడ అప్పటికే వరండాలో పరుగెడుతోంది. “సిస్టర్! నాలుగో మంచం! మాట తేడా వచ్చింది!”

ఆ తర్వాత అంతా గబగబా జరిగిపోయింది. మళ్లీ స్కానింగు. ఆపరేషను.

“తలలో నెత్తురు గూడుకట్టింది, తీసేశాం” అన్నాడు డాక్టరు మర్నాడు పొద్దున. “నిద్రే కదా అని ఇంకో గంట వదిలేసుంటే మా చేతులు దాటిపోయేది.”

తల్లి కళ్లు తెరిచి కొడుకును ఎగాదిగా చూసింది.

“గడ్డం గీసుకోలేదేంరా?”

దర్జీ నవ్వబోయి ఏడ్చేశాడు.

ముఖం కడుక్కుని వార్డంతా వెతికాడు. నీలం చీర కనబడలేదు.

“ఆవిడేరి సిస్టర్? నోరు జారాను. క్షమించమని అడగాలి.”

“ఇవాళ ఆవిడ వంతు కాదండీ. ముప్పై మంచాలకు ఇద్దరం నర్సులం. ఊళ్లోవాళ్లు వంతులేసుకుని వచ్చి ఇలా కనిపెట్టుకుని ఉంటారు. వాళ్లే లేకపోతే ఈ వార్డు ఎప్పుడో మూతపడేది.”

“ఎంత కలుపుగోలు మనిషండీ! ముక్కూమొహం తెలియనివాళ్లతో అంత గలగలా...”

సెలైను సీసా మారుస్తున్న నర్సు చెయ్యి ఆగింది.

“కలుపుగోలా? బయట ఆవిడ గొంతు విన్నవాళ్లే తక్కువ. రెండేళ్ల కిందట వాళ్లాయన ఇలాగే తలకు దెబ్బ తగిలి పడుకుంటే, నిద్ర చెడుతుందని, పలకరించడానికొచ్చిన మమ్మల్ని కూడా గుమ్మంలోనే ఆపేసింది ఆవిడే.”