పక్క సీటు మనిషి

గేటుకి అడ్డంగా ఓ పికప్ ట్రక్ నిలబడి ఉంది. స్కూటర్ సంగతి దేవుడెరుగు, పిల్లి దూరే సందు కూడా లేదు.

పొద్దున్నుంచి ఆఫీసులో సాఫ్ట్‌వేర్‌లోని ఒకే బగ్గుతో కుస్తీపట్టి, ఓడిపోయి ఇంటికొచ్చింది ఆమె. కోపం అప్పటికే పీకల దాకా ఉంది.

హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు.

ట్రక్కులో డ్రైవర్ పక్క సీట్లోంచి ఒకాయన దిగాడు. యాభై దాటిన మనిషి. కొత్త చొక్కా. పెట్టెలోంచి తీసిన మడతలు ఇంకా పోలేదు.

"ఎవరిదండీ ఈ ఏనుగు?"

"మీ అమ్మగారిదేనమ్మా. ఇవాళే తెచ్చాం," నవ్వాడాయన.

ఆమెకు నవ్వు రాలేదు.

నాన్న పోయాక ఆ ఇంట్లో తల్లీకూతుళ్లిద్దరే. ఫ్రిజ్ రంగు దగ్గర్నుంచి కర్టెన్ గుడ్డ దాకా పోట్లాడుకుని, అలిగి, చివరికి కలిసి కొన్నవే. అలాంటిది అమ్మ తనకు మాటమాత్రం చెప్పకుండా ఏకంగా ట్రక్కు కొనేసిందా?

"సోఫాలు బాగుచేసే షాపు నడుపుకునే మనిషికి ఇదెందుకండీ?"

"అందుకేనమ్మా. సోఫా తేవాలన్నా, ఇచ్చి రావాలన్నా అద్దె బండి కోసం పడిగాపులు కదా."

"నడిపేదెవరు? మీరా?"

"అబ్బే, ఆవిడే. బాగా నేర్చుకున్నారు. రివర్స్ మాత్రం కొంచెం..." అంటూ గేటు స్తంభం వైపు చూశాడు.

స్తంభానికి పెద్ద పెచ్చు ఊడి ఉంది.

"నేర్పిందెవరు?"

"నేనేనమ్మా."

ఆమెకు విషయం మొత్తం అర్థమైపోయింది. అమాయకురాలైన అమ్మ. తియ్యటి మాటలు. కొత్త చొక్కా. బండ్లు అంటగట్టే బ్రోకరు కాక ఇంకెవరు?

"ఒంటరి ఆడమనిషి కనబడగానే డ్రైవింగ్ నేర్పిస్తానని చేరడం, మెల్లిగా బండి అంటగట్టడం. బాగుందండీ మీ వ్యాపారం!"

"అమ్మా, నేను అలాంటి..."

"అమ్మా గిమ్మా అనకండి! మా అమ్మకి వెనకాముందూ ఎవరూ లేరనుకున్నారా? నేనున్నా!"

పై అంతస్తు బాల్కనీలో ఒకావిడ, దులపాల్సిన దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వినేవాళ్లున్నారని తెలిశాక కూతురి గొంతు ఇంకాస్త పెరిగింది.

"ఇంకెప్పుడూ మా అమ్మ చుట్టుపక్కల కనబడొద్దు. షాపుకి రావొద్దు. ఫోన్ చెయ్యొద్దు. అర్థమైందా?"

ఆయన ట్రక్కు తలుపు మెల్లిగా వేశాడు.

"కోపంలో అంటున్నారా, లేక ఇదే మీ నిర్ణయమా?"

"ముమ్మాటికీ ఇదే నా నిర్ణయం. చాలా, స్టాంపు కూడా వెయ్యాలా?"

"చాలమ్మా."

రెండడుగులు వేసి ఆగాడు.

"ఆవిడ బ్రేకు మరీ గట్టిగా తొక్కుతారు. కాస్త చెబుతూ ఉండండి."

సందు మలుపు తిరిగి వెళ్లిపోయాడు. పీడా విరగడైందనుకుంది ఆమె.

కాసేపటికి పాల ప్యాకెట్లు పట్టుకుని అమ్మ దాదాపు పరుగున వచ్చింది.

"వచ్చేశావా! చూశావా మన బండి? నేనే నడుపుకొచ్చా, తెలుసా?"

"తెలుసు. స్తంభం చెప్పింది."

"పోవే! ఆయనేడీ? లోపల కూర్చోబెట్టావా?"

"ఎవరు, ఆ బ్రోకరా? తరిమేశా. జన్మలో నీ వైపు రావొద్దన్నా."

అమ్మ మొహం పాలిపోయింది.

"ఏమన్నాడు?"

"ఇదే మీ నిర్ణయమా అన్నాడు. ముమ్మాటికీ అన్నా."

"ఒక్క నిమిషం... పాలు తెచ్చేదాకా ఒక్క నిమిషం ఆగలేకపోయావుటే! నోరా అది? ఎవరు, ఏంటని అడిగి చావొద్దా?"

అమ్మ అంత గట్టిగా అరవడం ఆమె ఎన్నడూ వినలేదు.

"నాకు చెప్పకుండా బండి కొనింది నువ్వు, తిట్లు నాకా? సరేలే, ఫోన్ చేసి పిలువు. సారీ చెప్తా."

"ఎత్తడు."

"ఎందుకెత్తడు? అంత రోషమా?"

అమ్మ ట్రక్కుకి ఆనుకుని నిలబడింది. గొంతులో కోపం పోయింది. అది పోవడమే భయంగా ఉంది.

"రోషం కాదే. మా పెళ్లి సంగతి ముందు నిన్నే అడుగుతానని, నువ్వు వద్దంటే మళ్లీ నాకు కనబడనని మాటిచ్చి మరీ వచ్చాడు."