పూత పోయిన ఉంగరం

“రేపు పదింటికి ఓడ రేవులో ఉంటుంది. పన్నెండింటికి నేను నీ ఎదుట ఉంటా!”

జయంత్ పంపిన మెసేజ్‌ని శ్రీసత్య ఏడుసార్లు చదివింది. ఎనిమిదోసారి పైకి చదివి ఫ్రిజ్‌కి కూడా వినిపించింది.

ఇరవై రెండు రోజుల కాపురం, నాలుగు నెలల సముద్రం. సిగ్నల్ దొరికినప్పుడల్లా వీడియో కాల్. ప్రతి కాల్‌లోనూ అతని మొదటి మాట ఒకటే.

“ఏదీ, ఉంగరం చూపించు!”

నిశ్చితార్థం నాడు అతను తొడిగిన తెల్ల బంగారం ఉంగరం అది. రేపటికి తళతళలాడొద్దూ!

ఏదో వీడియో చూసి, అమ్మ దీపపు కుందులు తోమినట్టే చింతపండూ, ఇత్తడి సామాన్ల పొడీ వేసి తోమింది. పాట పాడుకుంటూ అరగంట తోమింది.

కడిగి చూస్తే ఉంగరం పసుపు తిరిగింది.

పాట ఆగిపోయింది.

నగల కొట్టుకని ఆటో బుక్ చేసి, ఉంగరం గుప్పెట్లో పెట్టుకుని ఐదో అంతస్తులో లిఫ్టెక్కింది. నాలుగులో ఎవరో పెద్దాయన కుంటుకుంటూ ఎక్కాడు. చేతిలో టిఫిన్ క్యారియర్.

మూడు దాటగానే లిఫ్టు ఒక్క కుదుపుతో ఆగింది.

శ్రీసత్య మీటలన్నీ నొక్కింది. తలుపు బాదింది.

“మెకానిక్ ఆటోనగర్ నుంచి రావాల మేడమ్! రెండు గంటలడతాది!” కింద నుంచి వాచ్‌మన్ తాతబాబు అరిచాడు.

“రెండు గంటలా!” ఆమెకు ఏడుపొచ్చేసింది.

“ఏటమ్మా, ఏటైనాది?” అన్నాడు పెద్దాయన.

ఆమె గుప్పెట తెరిచింది. “రేపు మా ఆయన ఓడ దిగుతున్నారండీ. నేనేమో దీన్ని పాడు చేసేశాను.”

ఆయన ఉంగరాన్ని లైటు కిందికి తిప్పి చూశాడు. “ఏటెట్టి తోమీసినావ్?”

చెప్పింది.

“ఇది ఉంగరమనుకున్నావా, గుండిగనుకున్నావా?”

ఏడుస్తూనే నవ్వేసింది.

“పాడవనేదమ్మా. తెల్ల బంగారం లోపల కూసింత పసుపుగానే ఉంటాది. పైన రోడియమని తెల్లటి పూతేత్తారు. నువ్వా పూత గీకీసినావ్. మళ్లీ ఏయించుకుంటే సరి.”

“మరి ఇంట్లో ఎలా కడగాలండీ?”

“గోరెచ్చటి నీళ్లు, రొండు సుక్కలు షాంపూ. పది నిమసాలు నాననిచ్చి, మెత్తటి బ్రస్సుతో పైపైన రాసి, మెత్తటి గుడ్డతో అద్దీయడమే. బ్లీచింగ్ నీళ్లు తగలనీకు. మిగతా నగల్తో కలిపీకు, గీతలడతాయి.”

“నేను చూసిన వీడియోలో తోమమనే చెప్పాడండీ.”

“ఆ వీడియోవోడి ఉంగరం ఎలాగున్నాదో సూసినావేటి?”

ఆయన ఇక ఆగలేదు. ముత్యాల గురించి చెప్పాడు, కెంపుల గురించి చెప్పాడు, చివరికి అల్లుడి గురక దాకా వెళ్లాడు. ఊపిరి తీసుకోడానికి కూడా ఆగడేమిటి ఈయన, అనుకుంది.

“మద్దిలపాలెం డిపో ఎదురు సందులో ఉమామహేష్ కొట్టున్నాది. అక్కడికెల్లు. సాయంత్రానికి పూతేసి ఇచ్చెత్తారు.”

అరగంట పోయాక తాతబాబు మూడో అంతస్తు తలుపును ఎలాగో తెరిచి భుజంతో ఆపాడు. ఆమె తల ఎత్తున మనిషి దూరేంత సందు కనిపించింది.

“ఒకలు బేగి వచ్చీండి! దీన్ని నానెక్కువసేపు అట్టుకోనేను!”

“మీరు వెళ్లండి తాతగారూ.”

“నాకేటి తొందర? నాకోసం ఓడ దిగీవోలెవులున్నారు?”

ఆయన వంగాడు. పెద్దాయన వీపు మీద కాలు పెట్టడమా అని ఆమె వెనకాడింది.

“పరవానేదు, ఎక్కమ్మా!”

ఆమె పైకి పాకి బయటపడిందో లేదో, తలుపు తాతబాబు పట్టు తప్పి ధడాలున మూసుకుపోయింది.

“ఇది మళ్లీ తెరుసుకోడం నేదు మేడమ్!”

శ్రీసత్య ఆగింది. ఆటో డ్రైవర్ మూడోసారి ఫోన్ చేస్తున్నాడు.

మెకానిక్ వస్తాడుగా, అనుకుని మెట్లు దిగిపోయింది.

కొట్టులో ఉమామహేష్ ఉంగరం చూసి తేలిగ్గా నవ్వాడు. “గంట పనమ్మా. కాకపోతే పూతేసే ఆయన ఇంకా రానేదు. మా కొట్టుకి ఆయనొక్కడే.”

“ఇవాళే కావాలండీ!”

“ఉండండి, కనుక్కుంటాను.” ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు. “వరహాలు తాతా, ఎక్కడున్నావ్?”

“లిఫ్టులో.”

శ్రీసత్య ఫోన్ మీదికి వంగింది. ఆ గొంతే. కానీ ఇందాకటి హుషారు లేదు.

“లిఫ్టా! నువ్వెందుకెక్కేవు తాతా?”

“మోకాలు నొప్పెట్టిందిరా. ఇందాక ఓ పిల్లుండేది, మాటల్లో పడి ఎలాగో నెట్టుకొచ్చీసినాను. ఇప్పుడు లైటు కూడా పోనాది. ఫోను పెట్టీకురా. ఏదోటి మాటాడు.”

ఉమామహేష్ ఫోన్‌కి అరచెయ్యి అడ్డం పెట్టాడు. అప్పటికే షట్టర్ తాళం వెతుకుతున్నాడు.

“కుర్రప్పుడు రేవులో ఓడ ట్యాంకు కడుగుతుంటే పైమూత పడిపోయిందమ్మా. పగలంతా ఆ చీకట్లో ఉండిపోయాడు. అప్పట్నుంచి స్నానాల గదికి కూడా గడియెట్టుకోడు.”

శ్రీసత్య అతని బండి వెనక కూర్చుని ఫోన్ అందుకుంది.

“తాతగారూ, నేనండీ. మీ వీపెక్కి పోయిన పిల్లని. వచ్చేస్తున్నాం.”

“పూతేయించీసుకున్నావా?”

“మీరక్కడుంటే ఎవరేస్తారండీ? ఆ పని చేసేది మీరేనని చెప్పలేదేం?”

“సెప్తే నువ్వు ముందు నన్నే ఎక్కించీద్దువు.”

ఆ తర్వాత ఊపిరి మాత్రమే వినబడింది. వేగంగా, పైపైనే.

“వింటున్నారా? రేపు ఈ పసుపు ఉంగరంతోనే రేవుకెళ్తాను,” అంది, గాలికి ఎగిరి నోటికి అడ్డుపడుతున్న చున్నీని తప్పిస్తూ. “అక్కణ్నించి మా ఆయన్ని తిన్నగా మీ ఇంటికే తీసుకొస్తాను. ఇద్దరం మెట్లెక్కే వస్తాం తాతగారూ, మీరు తలుపులన్నీ బార్లా తెరిచే ఉంచండి.”