కొస లేని ఈ-బుక్కులు

"నా పుస్తకాలు నెట్‌లోకి ఎక్కించింది నువ్వే కదా?" చంద్రరావు ప్రింటు కాగితాలు సుప్రియ ముందు విసిరాడు.

సుప్రియ బిత్తరపోయింది. "నేనెందుకు ఎక్కిస్తానండీ? నేను గ్రూపు నడిపేదాన్ని, అంతే."

"గ్రూపు నీది. దొంగ నీ గ్రూపులో ఉన్నాడు. ఇంకేం చెప్పాలి?"

ప్రతి కాగితం మీదా ఊదారంగు ముద్ర: చంద్రరావు అద్దె పుస్తకాలు, స్టేషన్ రోడ్డు, తుని. దొంగతనం చేసినవాడు కనీసం ముద్రయినా చెరపలేదు.

వాడు గ్రూపులో పెట్టుకున్న పేరు తునిరాజా. 2007లో సుప్రియ మొదలుపెట్టిన ఆ పాఠకుల గ్రూపులో ఇప్పుడు వాడిదే రాజ్యం. పేపర్లలో పెద్దమనుషులు గజాలకొద్దీ సమీక్షలు రాసినా జనం కదలరు. గ్రూపులో ఎవడో ఒకడు "చదివారా? నిద్ర పట్టదు!" అంటే చాలు, ఎగబడి దింపుకుంటారు. తునిరాజా పాత నవలలు స్కాన్ చేసి, ఇలాగే ఊరించి, ఈ-బుక్కులుగా వదులుతున్నాడు. ఏ నవలకీ చివరి పేజీలు మాత్రం ఉండవు.

"మీకెవరి మీదైనా అనుమానమాండీ?"

"నెట్ సెంటర్ గణేష్‌బాబు మీద! వాడి దగ్గర స్కానరుంది."

"ఆయన సినిమా పోస్టరు కూడా పూర్తిగా చదవడండీ!"

ఇంతలో ఒకాయన చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. "ముద్ర మీది అడ్రసు చూసి కాకినాడ నుంచి వస్తున్నానండి. ఈ నవలకి నెట్‌లో చివరి పేజీలు లేవు. హంతకుడెవడో తెలీక ఇంట్లో అందరం కొట్టుకు చస్తున్నాం."

"నెట్‌లో ఎవడు పెట్టాడు? నువ్వేనా?" అని చంద్రరావు వాడిగా చూశాడు. పుస్తకం మాత్రం అందించాడు.

ఆయన వెళ్ళాక చంద్రరావు అద్దె పద్దులో రాసుకున్నాడు. "దసరాకి ఖాళీ చెయ్యమంటున్నాడమ్మా షాపు ఓనరు. సెల్‌ఫోన్ల కొట్టు పెట్టిస్తాడంట. ముప్ఫయ్యేళ్ళ షాపు. పైగా ఈ దొంగొకడు!"

సుప్రియ చుట్టూ చూసింది. చిన్నప్పటినుంచీ ఆమె చదివిందంతా ఈ అరల్లోదే.

"ఆ ఫైళ్ళన్నీ ఇవాళే తీసేస్తానండీ."

"వద్దొద్దు!" చంద్రరావు అరిచాడు. వెంటనే తగ్గాడు. "సాక్ష్యం పోద్దమ్మా. దొంగ దొరికేదాకా ఉండనీ."

సాక్ష్యమా? ఈయన పోలీసుల చుట్టూ తిరిగేలోపు షాపే ఉండదు. మనసు ఊరుకోక, సుప్రియ ఆయన మాట పక్కనపెట్టింది. మర్నాడు ఫోన్ చేసింది.

"చంద్రరావుగారూ! ఫైళ్ళు మొత్తం తీసేశానండీ. ఆ తునిరాజాని గ్రూపులోంచి గెంటేశాను. మళ్ళీ రాకుండా కట్టడి చేశాను. మీరింక నిశ్చింతగా ఉండండి!"



"మంచి పని చేశావమ్మా," అంది నీరసంగా అవతలి గొంతు.

తునిరాజా ఫోన్ పెట్టేశాడు.