దగ్గరి బండి

"కొంచెం గట్టిగా చెప్పండి మాస్టారూ. ఆ హెడ్‌ఫోన్లు పెట్టుకుని పెట్టుకుని మేం సగం చెవిటివాళ్లమైపోయాం," అన్నాడు వెనక వరసలోంచి ఒకడు.

గదంతా నవ్వింది. మాస్టారూ నవ్వాడు. గొంతు మాత్రం పెంచలేదు.

అంబులెన్సులను పంపే కంట్రోల్ రూమ్ అది. గోడ నిండా నగరం పటం. దాని మీది ప్లాస్టిక్ పొరపై జోన్లను విడదీస్తూ ఎర్ర గీతలు. డ్యూటీలో ఉన్నవాళ్లు అద్దాల గోడ అవతల ఫోన్లు ఎత్తుతున్నారు. మిగతావాళ్లు ఇవతల కుర్చీలు వరసలుగా వేసుకుని కూర్చున్నారు. ఈ భవనం ముందునుంచి మాస్టారు చాలాసార్లు నడిచి వెళ్లాడు. మెట్లెక్కడం ఇదే మొదలు.

ఆఫీసులకూ ఫ్యాక్టరీలకూ వెళ్లి, పని చేసే తీరు మార్చుకోవడం నేర్పడం ఆయన వృత్తి.

"నేను చెప్పేది ఇంతే. ప్రతిదానికీ పైనుంచి మాట వచ్చేదాకా ఆగకండి. చిన్న జట్లుగా విడిపోండి. రోజూ పొద్దున్నే నిలబడే మాట్లాడుకోండి. నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, ఎక్కడ అడ్డం పడుతోంది. ఫోన్ ఎత్తినవాళ్లే బండి పంపాలి. ఏ జోన్‌దైనా సరే, దగ్గరున్న బండి. వారానికోసారి కూర్చుని, బెడిసికొట్టినదాన్ని మార్చుకోండి."

"ఇక నేనెందుకు? గుమ్మం దగ్గర చెప్పులు చూసుకోనా?" అన్నాడు పెద్ద సూపర్‌వైజర్. చాటున అందరూ ఆయన్ని రూలుకర్ర అంటారు. "ఎవరికి తోచిన బండి వాళ్లు లాక్కుపోతే నా జోన్ ఖాళీ అవుతుంది. అప్పుడక్కడ ఎవడికో గుండె పట్టేస్తే? ఇది బిస్కట్ల ఫ్యాక్టరీ కాదు మాస్టారూ. ఇక్కడ పొరపాటు జరిగితే పోయింది మళ్లీ రాదు."

"రాదండీ," అన్నాడు మాస్టారు.

రూలుకర్ర మనిషి చెడ్డవాడు కాదు. మాస్టారు కూర్చోబోయిన కుర్చీ కాలు ఊగుతోందని చూసి, ఏమీ అనకుండా తన కుర్చీ ఇటు జరిపింది ఆయనే.

చేతులెత్తమంటే సగం లేచాయి. సగం లేవలేదు. ఇవాళ తేలకపోతే ఈ ఊసు మళ్లీ ఎత్తేది లేదని పైవాళ్లు ముందే చెప్పారు. మాస్టారు మార్కర్ మూత పెట్టాడు. సరిగ్గా పట్టలేదు. మళ్లీ పెట్టాడు.

"మూలసీటు అక్కా, నువ్వెటు?" అని అడిగాడు వెనక వరసవాడు. "ఉద్యోగం మానేస్తానని రోజూ బెదిరిస్తావుగా. పోయేముందు ఒక చెయ్యి ఎత్తి పోరాదా?"

ఎప్పుడూ మూల కుర్చీలోనే కూర్చునే ఆమె లేచి నిలబడింది. ఎవరి మొహమూ చూడలేదు. పటం వైపు చూస్తూ మాట్లాడింది.

"ఒక మధ్యాహ్నం. పెద్ద వాన. ఒకాయన ఫోన్ చేశారు, భార్యకి ఊపిరాడటం లేదని. వాళ్ల పక్క వీధిలోనే బండి ఖాళీగా ఉంది. నా తెర మీద కనిపిస్తూనే ఉంది. కానీ అది గీతకి అవతలిది. అనుమతి అడిగాను. సార్ ఇంకో ఫోన్‌లో ఉన్నారు."

రూలుకర్ర తల దించుకున్నాడు.

"మన జోన్ బండేమో నీళ్లలో ఇరుక్కుంది. ఫోన్ చేసినాయన అరిచారు, తిట్టారు, బతిమాలారు. ఆఖరికి ఫోన్ మంచం మీద పడేసి, గేటు తీసిపెట్టడానికి పరిగెత్తారు. అప్పుడు ఆవిడ మాట్లాడింది. నాతో."

"ఏమంది?" ఎవరో మెల్లగా అడిగారు.

"ఒక్కో మాటకీ ఆయాసం. 'ఎవరమ్మా, అలా వణికిపోతున్నావు? నువ్వు మాత్రం ఏం చేస్తావులే' అంది. తర్వాత, 'మా ఆయన చెప్పులైనా వేసుకోకుండా వానలోకి పోయాడు. జలుబు చేస్తే వారం మూలుగుతాడు. లోపలికి రమ్మను' అని నవ్వింది. నిజంగా నవ్వింది. అంతే. ఆ తర్వాత వాన చప్పుడొక్కటే."

పటం మీంచి చూపు తిప్పకుండానే మళ్లీ అంది.

"ఆ వాన నా చెవిలో ఇంకా కురుస్తూనే ఉంది. అన్నం వండుతుంటే వినిపిస్తుంది. మా పాపకి జడ వేస్తుంటే వినిపిస్తుంది. ఆవిడ మాట ఆయనకి చెప్పలేకపోయాను. బండి వచ్చాక ఎవరో ఫోన్ పెట్టేశారు. వచ్చిన నంబరుకి మనంతట మనం చేయకూడదన్నది ఇంకో రూలు."

అద్దాల అవతల ఫోన్ మోగింది. ఎవరో ఎత్తారు.

రూలుకర్ర లేచాడు. పటం దగ్గరికి వెళ్లి, జేబురుమాలు తీసి, ఎర్ర గీతల్లో ఒకదాన్ని తుడవడం మొదలుపెట్టాడు. పాత సిరా, తొందరగా పోలేదు. ఉమ్ముతో తడి చేసి తుడిచాడు.

"కొన్నాళ్లు చేసి చూద్దాం," అన్నాడు గోడకేసి చూస్తూనే. "బెడిసికొడితే నన్నే తిట్టండి. మీకు అలవాటేగా."

ఎవరూ నవ్వలేదు. ఈసారి చేతులన్నీ లేచాయి.

మాస్టారు సంచి సర్దుకున్నాడు. ధన్యవాదాలు చెప్పాలనుకున్నాడు, చేతులు జోడించడం వరకే అయింది. మెట్లు సగం దిగాక వెనక అడుగుల చప్పుడు. మూలసీటు ఆమె.

"బాగా చెప్పావమ్మా," అన్నాడు. "నువ్వు లేకపోతే ఇవాళ ఈ పని అయ్యేది కాదు."

ఆమె ఊపిరి కూడదీసుకుని అంది:

"మీ ఆవిడ మాట మీకు చేర్చాలని, మీ గొంతు మళ్లీ ఏనాటికైనా వినబడుతుందేమోనని, ఇన్నాళ్లూ ఇక్కడ మోగిన ప్రతి ఫోనూ నేనే ముందు ఎత్తానండీ."